బోరు నీళ్ళలో రంగు చేపలు

శ్రోతలకు నమస్కారం.

మా అనంతపురం ఇంట్లోకి నాలుగడుగుల అద్దాల తొట్టి దిగిన రోజు, పక్కింటి పెద్దమ్మ గడప దగ్గర నిలబడి కాసేపు చూసింది. "ఏమప్పా, మనుషులకే నీళ్ళు చాలని ఊర్లో చేపలకు ఇన్ని నీళ్ళా?" అంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మాది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? నవ్వి ఊరుకున్నాను.

తప్పు చేసింది నేను. ఆ సాయంత్రమే బజారుకు పోయి ఇరవై చేపలు తెచ్చాను. నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, మిగతావి నియాన్ టెట్రాలు. బోరు నీళ్ళు నింపి, లైటు వేసి, అందులో వదిలాను. రెండు రోజులు ఇంటిల్లిపాదీ సోఫాలోంచి లేవలేదు. మూడో రోజు నుంచి ఒక్కొక్కటే తేలడం మొదలైంది. వారం తిరిగేసరికి నీళ్ళు, లైటు మిగిలాయి. దుకాణం అతన్ని అడిగితే, "నీళ్ళు పడలేదు సార్, ఇంకో పది తీసుకుపోండి" అన్నాడు. చేపలు అమ్మేవాళ్ళు చేపల గురించి చెబుతారు గానీ మన కుళాయి గురించి ఎందుకు చెబుతారు? అందుకే ఆ సంగతి ఈ రోజు నేను చెబుతాను.

ముందు తొట్టి. పెద్దది పెట్టుకోవడమే నయం. గాజు గిన్నెలో రెండు చేపలను బతికించడం కంటే 200 లీటర్ల తొట్టిలో పది చేపలను బతికించడం తేలిక. ఎక్కువ నీళ్ళుంటే ఎండకు తొందరగా వేడెక్కవు, చేపల మురికి కూడా పలచబడుతుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే అంచుదాకా సుమారు 250 లీటర్లు పడతాయి. ఈ కొలతకు 10 మిల్లీమీటర్ల అద్దం వేయించుకోండి. ఎత్తు మరీ పెంచొద్దు. అడుగున ఇసుక సర్దాలంటే చెయ్యి అందాలి కదా.

బరువు సంగతి చాలామంది ఆలోచించరు. నీళ్ళు, అద్దం, గులకరాళ్ళు అన్నీ కలిపితే మూడు క్వింటాళ్ళు దాటుతుంది. అంటే నలభై కిలోల వేరుశనగ మూటలు ఎనిమిది ఒకేచోట పేర్చినట్టు. మేడ మీదైతే గది మధ్యలో కాకుండా, దూలం ఉన్న గోడ వారగా పెట్టండి. ఇనుప స్టాండు మీద కడప బండ పరిచి, దాని మీద థర్మోకోల్ షీటు వేసి, ఆ పైన తొట్టి దింపాలి. బండ మట్టం చూడకుండా నీళ్ళు నింపొద్దు. మేస్త్రీల దగ్గరుండే మట్టం గొట్టం చాలు. ఓ మూల అర అంగుళం దిగినా ఆ ఒత్తిడి అద్దం అతుకుల మీద పడుతుంది. కొత్త తొట్టిని ఆరుబయట నింపి రెండు రోజులు చూసుకున్నాకే ఇంట్లోకి తెచ్చుకోవాలి.

ఎక్కడ పెట్టాలంటే ఈశాన్యం అంటారు. మా ఇంట్లో ఈశాన్యంలో కిటికీ ఉంది, పొద్దుటి ఎండ నేరుగా పడుతుంది. పది రోజుల్లో తొట్టి పచ్చగా పాచి పట్టడం ఖాయం. వాస్తుకు దండం పెట్టి నీడగోడ చూసుకున్నాను. ప్లగ్గు వైరు మాత్రం సాకెట్టు కంటే కిందికి వేలాడి, మళ్ళీ పైకి వచ్చేలా పెట్టండి. వైరు మీద జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, సాకెట్టులోకి పోదు. నీళ్ళలో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపండి.

ఇక నీళ్ళు. మా జేజి బోరు నీళ్ళలో కందిపప్పు వేసి, "మూడు పూటలైనా ఉడకదు" అని తిట్టుకునేది. సబ్బు నురగ రాదు, గీజరు కడ్డీకి తెల్లగా పెచ్చు కడుతుంది. బడిలో చదువుకున్న కఠిన జలం ఇదే, కాల్షియం, మెగ్నీషియం లవణాలు నిండిన నీళ్ళు. నేను కొన్న నియాన్ టెట్రాల అసలు ఊరు అమెజాన్ అడవి వాగులు. అక్కడి నీళ్ళలో లవణాలు లేనట్టే, కొంచెం పులుపు గుణం కూడా ఉంటుంది. డిస్కస్ చేపదీ అదే తీరు. వాటి కోసం క్యాన్లకు క్యాన్లు ఆర్ఓ నీళ్ళు మోసేవాళ్ళను చూశాను. నెల రెండు నెలలు మోస్తారు, తరువాత విసుగొస్తుంది.

మన నీళ్ళే ఇష్టపడే చేపలు బోలెడు. గప్పీ, మోలీ, ప్లాటీలు కఠిన జలంలోనే బాగా పెరుగుతాయి. మోలీ అయితే ఉప్పు నీళ్ళకు కూడా తట్టుకుంటుంది. పెద్ద తొట్టికి అందం కావాలంటే ఆఫ్రికాలోని మలావి సరస్సు సిక్లిడ్ చేపలు ఉన్నాయి. నీలం, పసుపు రంగుల్లో సముద్రపు చేపల్లా మెరుస్తాయి. ఆ సరస్సు నీళ్ళు క్షార గుణం ఉన్నవే, కఠిన జలానికి కూడా ఈ చేపలు తట్టుకుంటాయి. వాటికి దాక్కోడానికి రాళ్ళ గుట్టలు కావాలి. మనకు రాళ్ళకేం కొదవ! నిమ్మరసం పిండితే బుసబుసమని పొంగే రాయి సున్నపురాయి. నియాన్‌లకు అది పడదు, సిక్లిడ్‌లకు మాత్రం బేతంచెర్ల నాపరాయి ముక్కలు నిక్షేపంలా సరిపోతాయి. కాకపోతే ఇవి పోట్లాటల జాతి, గప్పీలతో కలిపి పెంచొద్దు.

మున్సిపల్ నీళ్ళు వాడేవాళ్ళు క్లోరిన్ సంగతి చూసుకోవాలి. బకెట్లలో పట్టి ఒక రోజు ఎండలో ఉంచడమో, అంగట్లో దొరికే యాంటీ క్లోరిన్ మందు వేయడమో చేయాలి.

సరే, నీళ్ళకు తగిన చేపలే తెచ్చామనుకోండి. అప్పుడు కూడా మొదటి రోజే వదిలితే చస్తాయి. నా ఇరవై చేపల చావుకు సగం కారణం ఇదే. చేప వదిలే మురికి, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అది చేపకు విషం. మన నీళ్ళలో క్షారం ఎక్కువ, పైగా వేడి, అందువల్ల ఆ విషం ఇంకా పదునెక్కుతుంది. పొలంలో యూరియా చల్లితే ఏమవుతుందో రైతులకు తెలుసు. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా, ఆ తరువాత నైట్రేటుగా మారుస్తాయి, పైరు తాగుతుంది. తొట్టిలో కూడా అచ్చం ఇదే జరగాలి. ఆ సూక్ష్మజీవులు నీళ్ళను వడగట్టే ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్ళ మీద ఇల్లు కట్టుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో చేపలు లేకుండా ఫిల్టర్ నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండాలి. చుక్కల మందుతో పరీక్ష చేసే కిట్లు దొరుకుతాయి. అమ్మోనియా, అది నైట్రేటుగా మారే దారిలో మధ్యలో వచ్చే నైట్రైటు, రెండూ సున్నాకు దిగి, నైట్రేటు కనబడితే చేపలు తేవచ్చు. అవి కూడా ఒక్కసారే కాదు, నాలుగైదు చొప్పున.

తొందరగా కావాలా? చేపలు పెంచే స్నేహితుడి ఫిల్టర్‌లోంచి పాత స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. పాలకు తోడు వేసినట్టే. ఆ స్పాంజిని ఎప్పుడూ కుళాయి కింద తెల్లగా ఉతకొద్దు, క్లోరిన్‌తో సూక్ష్మజీవులు పోతాయి. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి.

ఏప్రిల్, మే నెలలు వేరే పరీక్ష. బయట 40 డిగ్రీలు దాటితే తొట్టి నీళ్ళు 32 దాకా పోతాయి. నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయంటే ఆకలి అనుకుని మేత వేయకండి, అవి గాలికి తపిస్తున్నాయి. మూత తీసి, పైన వల కప్పి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పండి. మట్టికుండ చల్లబడే కిటుకే, రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ఎండలకు ఆవిరైన నీళ్ళ చోట బోరు నీళ్ళే పోస్తూ పోతే ఇంకో చిక్కు. చారు మరిగితే ఉప్పు ముదిరినట్టు, నీళ్ళు పోతాయి గానీ లవణం పోదు. ఆవిరైనంత మేరకు ఆర్ఓ నీళ్ళో, పట్టి పెట్టుకున్న వాన నీళ్ళో పోయండి. వారానికోసారి మాత్రం మూడు బిందెల పాత నీళ్ళు తీసి, అంతే కొత్తవి పోయాలి. ఆ పాత నీళ్ళు వృథా కావు, నైట్రేటు నిండిన ఎరువు నీళ్ళవి. మా పెద్దమ్మ కరివేపాకు చెట్టుకు ఇప్పుడు ఆదివారం ఆదివారం ఒక బిందె పోతోంది. ఆలస్యమైతే గోడ మీదుగా కేకేస్తుంది.

చివరిగా ఒక్క చేప పేరు చెప్పి ముగిస్తాను. "అద్దం శుభ్రం చేస్తుంది సార్" అని ట్యాంక్ క్లీనర్ పేరుతో రెండంగుళాల నల్ల చేపను అంటగడతారు. దక్షిణ అమెరికా జాతి అది, అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు తొట్టి చాలక కొందరు దాన్ని తీసుకెళ్ళి చెరువులో వదిలేస్తున్నారు. ఒళ్ళంతా ముళ్ళ పలకలు, వలలు చింపుతుంది, మన చేపల మేత తింటుంది. అమ్మినవాడికే తిరిగి ఇచ్చేయండి. తీసుకోకపోతే ఎవరికైనా పెద్ద తొట్టి ఉందేమో అడగండి. చెరువులో గానీ, కాలువలో గానీ వదలకండి.

సెలవు. నమస్కారం.