రేపే చూపించాలి, ఎవరైనా చెప్పండి ప్లీజ్: వియత్నాం పిల్లల ఇంగ్లీష్ హోంవర్క్

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా ఉన్న ఉపాధ్యాయ మిత్రులకు, వెనక వరసల్లో ఫోన్లు చూసుకుంటున్న బీఈడీ విద్యార్థులకు కూడా. ఫోన్లు లోపల పెట్టమని అనను. ఇవాళ నేను మాట్లాడబోయేది ఫోన్లో జరిగే చదువు గురించే.

కొంతకాలంగా వియత్నాం బడిపిల్లలు ఆన్‌లైన్‌లో ఒకరికొకరు ఇంగ్లీష్ హోంవర్క్ ఎలా చెప్పుకుంటారో చూస్తున్నాను. వాళ్ల భాష నాకు అంతంతమాత్రమే. అయినా పెద్ద ఇబ్బంది లేదు, ఆ సమయంలో పిల్లలు వాడే మాటలు పట్టుమని పాతిక కూడా ఉండవు. వర్క్‌బుక్ పేజీని ఫోటో తీసి పెడతారు. ఫోటో వంకరగా ఉంటుంది, సగం పేజీ మీద చెయ్యి నీడ ఉంటుంది. కింద 'జూప్ మిఞ్ వోయ్' అని రాస్తారు, కాస్త సాయం చేయవా అని. మరొకరు 'కన్ గప్' అంటారు, అర్జెంటు అని. రేపు పొద్దున్నే టీచర్ చూస్తారట. ఎక్కడి పిల్లలకైనా ఈ రేపు పొద్దున ఒకటేనండీ!

కాసేపటికి ఎవరో జవాబు పెడతారు. మంచి జవాబుకు పాయింట్లు వచ్చే చోటైతే చివర్లో ఓ చిన్న విన్నపం కూడా ఉంటుంది: నా జవాబునే బెస్ట్‌గా ఎంచుకోవా అని. అడిగినవాళ్లు ఎనిమిదో తరగతి అయితే చెప్పినవాళ్లు తొమ్మిదో, పదో. ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు.

ఇంతకీ అడిగే ప్రశ్నలేమిటి? ఒకటి దగ్గరగా చూద్దాం. వియత్నాంలో ఇంగ్లీష్ చదివిన ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లాడికీ తెలిసిన రకం ఇది: వాక్యాన్ని తిరిగి రాయడం. 'ద లాస్ట్ టైమ్ ఐ సా హిమ్ వాజ్ టూ ఇయర్స్ ఎగో' అని ఇస్తారు. కింద 'ఐ హావెంట్' అని మొదలుపెట్టి గీత గీసి వదిలేస్తారు. అర్థం మారకుండా పూర్తి చేయాలి. జవాబు 'ఐ హావెంట్ సీన్ హిమ్ ఫర్ టూ ఇయర్స్'.

దీనికి మూడు రకాల సాయం అందుతుంది. మొదటిది, ఉత్త జవాబు. కాపీ చేసుకో, పడుకో. రెండోది, జవాబుతో పాటు సూత్రం: ఎస్ ప్లస్ హావ్ నాట్ ప్లస్ వీ త్రీ ప్లస్ ఫర్ ప్లస్ కాలం. ఎస్ అంటే కర్త, వీ త్రీ అంటే క్రియ మూడో రూపం. అక్కడ ఇంగ్లీష్ వ్యాకరణాన్ని ఇలా ఆల్‌జీబ్రా లెక్కలా చెప్పడం బాగా అలవాటు. పిల్లల నోట్సు తిరగేస్తే ఇంగ్లీష్ పుస్తకమా, లెక్కల పుస్తకమా అనిపిస్తుంది. మూడోది అరుదు. దాని కోసమే ఇవాళ ఇంత దూరం వచ్చాను.

ఆ మూడో రకంలో తోటి పిల్ల తన సొంత భాషలో, తనకు ఎక్కడ తికమక అయ్యిందో అక్కణ్నుంచే మొదలుపెడుతుంది. ఇలా చెప్తుంది: మన వియత్నామీస్‌లో క్రియ మారదు కదా, జరిగిపోయిందని చెప్పాలంటే ముందు ఓ చిన్న మాట చేరిస్తే చాలు, చాలాసార్లు అదీ చేర్చం, నిన్న అంటే చాలు అర్థమైపోతుంది. ఇంగ్లీష్ వాళ్లు అలా వదిలిపెట్టరు. ఇక్కడ చూడడం ఎప్పుడో అయిపోయింది, చూడకపోవడం మాత్రం ఇప్పటికీ నడుస్తోంది, అందుకే హావ్ వచ్చింది. నాలుగు ముక్కల్లో ఇంతే. మన తెలుగులో చూశాను, చూస్తాను, చూస్తున్నాను అని క్రియ మారుతూనే ఉంటుంది కాబట్టి ఈ గొడవ మనకు ఇంకో రూపంలో వస్తుంది. వాళ్ల పిల్లలు ఎక్కడ కాలు జారతారో మనం ఊహించలేం. డబ్బులు పోసి కోచింగ్ సెంటర్లో పెట్టుకున్న విదేశీ టీచర్ కూడా ఊహించలేడు. నిరుడు అక్కడే జారిన పిల్లకు తెలుసు.

ఉచ్చారణ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. వియత్నామీస్‌లో మాట చివర వచ్చే హల్లులు బహుకొద్ది. మ, న లాంటివి, ప, త, క లాంటివి, అంతే. వాటిలోనూ ప, త, క పైకి పేలవు, నోట్లోనే ఆగిపోతాయి. స అనే ధ్వని మాట చివర రానే రాదు. అలాంటి నోటికి 'నైస్', 'నైట్', 'నైన్' విడివిడిగా పలకడం ఎంత కష్టమో ఊహించండి. ఇంగ్లీష్‌లోనేమో బహువచనమంతా ఆ చివరి స మీదే ఆధారపడింది. అదీ ఒకచోట స, ఒకచోట జ, ఒకచోట ఇజ్.

మరి వాళ్లేం చేస్తారు? 'థోయ్ ఫాంగ్ కియెన్ ఫువాంగ్ తాయ్' అని బట్టీ పడతారు. పడమటి దేశాల ఫ్యూడల్ యుగం అని దానర్థం. ఇంగ్లీష్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ అయిదు మాటల మొదటి ధ్వనుల్ని కాస్త సర్దుకుంటే థ, ప, క, ఫ, త వస్తాయి. ఈ అయిదింటి తర్వాత ఎస్ వస్తే స అని పలకాలి. అదీ గుట్టు. దీన్ని మొదట ఎవరు కట్టారో అడిగితే ఎవరూ చెప్పలేరు. పిల్లలే ఒకరి నుంచి ఒకరికి దాటించుకుంటూ వచ్చారు. ఫలానా నాలుగు మాటల్లో వేరుగా పలికేది ఏదని ఎవరైనా అడిగితే, కింద జవాబుతో పాటు ఈ ఫ్యూడల్ యుగం కూడా వచ్చి కూర్చుంటుంది. తమాషా ఏమిటంటే, ఈ ప్రశ్నకు పదికి పది తెచ్చుకున్న పిల్లాడు నోరు తెరిచి ఆ మాట పలకగలడన్న గ్యారంటీ లేదు. పరీక్షలో పలకమని ఎవరూ అడగరు, అక్షరం మీద గుర్తు పెట్టమంటారు.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడుంది. పిల్లలు ఒకరికొకరు చేసుకునే సాయం పరీక్ష అడిగే ప్రశ్న ఆకారంలోనే ఉంటుంది. పరీక్ష ఏ, బీ, సీ, డీ అడిగితే స్నేహితుడు సీ అని చెప్తాడు. అంతకంటే చెప్పడం వాడికి టైమ్ వేస్టు. దాన్ని చూసి మనం 'ఈ కాలం పిల్లలకు కాపీ తప్ప ఏం రాదు' అని తిట్టుకుంటాం. ప్రశ్న రాసింది మాత్రం మనమే.

వియత్నాంలో ఇంగ్లీష్ వెనకున్న చరిత్ర నాలుగు మాటల్లో చెప్పేస్తాను. ఫ్రెంచివాళ్లు పోయాక, 1975లో దేశం ఒకటయ్యాక, బడుల్లో రష్యన్‌దే పెద్దపీట. 1986లో ఆర్థిక సంస్కరణలు వచ్చాయి, తర్వాత సోవియట్ యూనియన్ పోయింది, అమెరికా 1994లో ఆంక్షలు ఎత్తేసింది. రష్యన్ టీచర్లు ఎందరో మళ్లీ విద్యార్థులై ఇంగ్లీష్ నేర్చుకుని, ఆ ఇంగ్లీష్‌నే పాఠం చెప్పాల్సి వచ్చింది. 2008లో ప్రభుత్వం విదేశీ భాషల కోసం ఓ జాతీయ ప్రాజెక్టు పెట్టింది. 2018 పాఠ్యప్రణాళికతో మూడో తరగతి నుంచే విదేశీ భాష తప్పనిసరి అయింది, దాదాపు అందరికీ అది ఇంగ్లీషే. 2024లో కమ్యూనిస్టు పార్టీ పొలిట్‌బ్యూరో బడుల్లో ఇంగ్లీష్‌ను మెల్లగా రెండో భాషగా చేయాలంది. తీర్మానాలు చకచకా వచ్చేస్తాయి. టీచర్లే రావాలి.

టీచర్లు చాలనప్పుడు ఏం చేయాలో ఆ దేశానికి పాత అనుభవం ఉంది. 1945 సెప్టెంబర్‌లో స్వాతంత్ర్యం ప్రకటించుకునే నాటికి అక్కడ నూటికి తొంభై మందికి పైగా చదవడం, రాయడం రాదు. ఆ నెలలోనే ప్రజా విద్యోద్యమం మొదలుపెట్టారు. అక్షరం వచ్చినవాళ్లు రానివాళ్లకు నేర్పండి అని హోచిమిన్ పిలుపునిచ్చాడు. జీతాలివ్వడానికి డబ్బుల్లేవు, బళ్లు లేవు. భర్త భార్యకు, అన్న తమ్ముడికి చెప్పడమే. సంతకు వెళ్లే దారిలో అక్షరాలు రాసిపెట్టి, చదివితేనే ముందు గేటులోంచి పోనిచ్చేవారు, చదవలేనివాళ్లు చుట్టూ తిరిగి వెళ్లాలి. కాస్త మొరటు పద్ధతే, నాకైతే నచ్చదు. కానీ 1946 చివరికి 25 లక్షల మంది చదవడం నేర్చుకున్నారు. మనవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. నెల్లూరు జిల్లాలో రాత్రి పూట అక్షరాస్యత తరగతులు, వాటిలోంచి పుట్టిన సారా వ్యతిరేక ఉద్యమం ఇక్కడున్న పెద్దలు చాలామంది కళ్లారా చూసినవే.

ఆ అలవాటు బడిలోకీ వచ్చింది. బాగా చదివే పిల్లనూ వెనకబడిన పిల్లనూ ఒక బెంచీ మీద జతగా కూర్చోబెట్టడం వియత్నాం క్లాసుల్లో మామూలు. కలిసి ముందుకెళ్లే జంట అని దానికి పేరు. వాళ్లకో సామెత ఉంది: గురువు దగ్గర నేర్చుకున్నది తోటివాడి దగ్గర నేర్చుకున్నదానికి సాటిరాదు అని. వెంటనే దానికి ఎదురుసామెత కూడా ఉంది, గురువు లేకుండా ఎలా పైకొస్తావో చూస్తా అని. రెండూ ఒకే టీచర్ నోట, ఒకే రోజు వినిపిస్తాయి. ఆన్‌లైన్‌లో పిల్లలు చేస్తున్నది ఆ బెంచీ వ్యవహారమే. తేడా ఏమిటంటే, బెంచీ మీద పక్కవాడికి అర్థమైందో లేదో ముఖంలో తెలిసిపోతుంది. ఇక్కడ తెలియదు. ఇక్కడ పాయింట్లు ఉంటాయి. పాయింట్లు ఎప్పుడొచ్చాయో, వేరేచోట కాపీ కొట్టి ఇక్కడ అతికించేవాళ్లూ అప్పుడే వచ్చారు. ఇప్పుడు ఏఐతో ఆ పని ఇంకా సులువు. జవాబు నున్నగా, పొడుగ్గా వస్తుంది. పిల్ల ఎక్కడ జారిందో మాత్రం అందులో ఉండదు.

ఈ సాయం ఎవరికి అవసరమో కూడా చూడాలి. హనోయ్, హోచిమిన్ సిటీలో డబ్బున్న ఇళ్ల పిల్లలు ఐఈఎల్‌టీఎస్ అనే అంతర్జాతీయ ఇంగ్లీష్ పరీక్ష కోచింగ్‌కు వెళ్తారు. 2024 వరకూ అందులో 4 బ్యాండ్ వస్తే చాలు, ఇంటర్ చివర్లో మన పబ్లిక్ పరీక్షల్లాంటి పరీక్షలో ఇంగ్లీష్‌కు 10కి 10 వేసేవారు. మిగతా పిల్లలు సొంత టీచర్ దగ్గరే డబ్బు కట్టి ట్యూషన్‌కు వెళ్లేవారు. 2025 ఫిబ్రవరి 14 నుంచి అదీ ఆగిపోయింది: తన క్లాసు పిల్లలకు బయట డబ్బు తీసుకుని ట్యూషన్ చెప్పకూడదని విద్యాశాఖ నిబంధన పెట్టింది. మంచి నిబంధనే, మన విద్యాహక్కు చట్టంలోనూ టీచర్లు ట్యూషన్లు చెప్పకూడదని ఉంది. కానీ ట్యూషన్ మానేసిన పిల్లాడికి రాత్రి తొమ్మిదింటికి డౌటొస్తే ఎవరిని అడగాలి? ఫోన్నే.

అదే ఏడాది ఆ ఇంటర్ చివరి పరీక్ష కూడా మారింది. ఇంగ్లీష్ ఇష్టమైతేనే రాయొచ్చు. 50 నిమిషాలు, 40 ప్రశ్నలు. వేరుగా పలికేది ఏది అన్న ప్రశ్నలు తీసేశారు, చదివి అర్థం చేసుకునేవి పెంచారు. పేపర్ మరీ కష్టంగా ఉందని జూన్‌లో పెద్ద గొడవే అయింది. నాకు అది మంచి గొడవ అనిపిస్తుంది. పొడుగాటి పేరా చదివి రాయాల్సిన ప్రశ్నకు స్నేహితుడు ఊరికే సీ అని చెప్తే లాభం లేదు, ఎందుకు సీ అయిందో చెప్పాలి.

చివరగా నా వాదనకే అడ్డం పడే ఓ విషయం చెప్పాలి. తోటి పిల్ల సొంత భాషలో చెప్తే బాగా ఎక్కుతుందన్నాను. ఎవరి సొంత భాష? ఉత్తరాన చైనా సరిహద్దులో, మొన్నటిదాకా హా జాంగ్ రాష్ట్రంగా ఉన్న చోట, మియో వాక్ అనే కొండ ప్రాంతం ఉంది. ఎక్కువమంది హ్మోంగ్ అనే గిరిజన తెగ జనం. మూడో తరగతికి ఇంగ్లీష్ తప్పనిసరి చేసిన ఏడాది, 2022లో, ఆ ప్రాంతం మొత్తానికి ప్రాథమిక బడుల్లో ఉన్న ఇంగ్లీష్ టీచర్ ఒక్కరే. హనోయ్‌లోని మేరీ క్యూరీ అనే ప్రైవేటు బడి టీచర్లు ఆన్‌లైన్‌లో అక్కడి మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పారు. గొప్ప పని. కానీ ఆ పిల్లలకు వియత్నామీసే రెండో భాష. ఇంగ్లీష్ క్రియను వియత్నామీస్‌తో పోల్చి చెప్పే వివరణ వాళ్లకు ఇంకో పాఠం అవుతుంది, సాయం కాదు. అరకు వైపు కువి మాట్లాడే పిల్లలకు మనం తెలుగులో ఇంగ్లీష్ వ్యాకరణం చెప్తున్నప్పుడు జరిగేది ఇదే.

ఆ బడి తర్వాత మియో వాక్ పిల్లల్లోంచే ఇంగ్లీష్ టీచర్లు తయారవ్వాలని వాళ్ల చదువుకు డబ్బు పెట్టడం మొదలుపెట్టింది. అక్కడి పిల్లల ఇబ్బంది లోపలి నుంచి తెలిసినవాళ్లు రావడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది. ఆలోగా మీరు, నేను చేయగలిగిన పని ఒకటుంది. రేపు క్లాసులో ఇచ్చే హోంవర్క్‌లో జవాబుకు సగం మార్కులే వేయండి. మిగతా సగం, అది ఎందుకు సరైనదో పక్క పిల్లకు ఇంటి భాషలో రెండు వాక్యాల్లో రాసి చెప్పినందుకు వేయండి. కువిలో రాస్తే నాకు అర్థం కాదు కదా సార్ అని ఎవరైనా అడగొచ్చు. క్లాసులోనే ఎవరో ఒకరు చదివి చెప్తారు, వాళ్లనే చెప్పనివ్వండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. మైకు ముందుగా వెనక వరసకు ఇవ్వండి.