బొంగులో కోడి, బొగ్గుల మీద సీకు

శ్రోతలందరికీ నమస్కారం.

మా అత్తమ్మది పరకాల దగ్గర పల్లె. డెబ్బై దాటిన మనిషి. కారులో ఎటు పోయినా ఆమె పక్క కిటికీ అద్దం జానెడు దించి ఉండాల్సిందే. పోయిన ఏడు వినాయక నిమజ్జనాలు అయిపోయాక ఒక ఆదివారం ఇంటిల్లిపాదిమీ బోగత జలపాతం చూద్దామని హనుమకొండ నుంచి బయలుదేరాం. ములుగు ముందర గట్టమ్మ తల్లి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాం. మేడారం పోయేవాళ్లయినా, ఏటూరునాగారం పోయేవాళ్లయినా ఆ తల్లికి మొక్కకుండా ముందుకు కదలరు. పస్రా దాటి రోడ్డు అడవిలోకి మళ్లగానే అత్తమ్మ ముందుకు వంగి, "ఆపు బిడ్డా, ఆపు. ఇది చింతమొద్దు పొగ. ఈడ నిజంగనే వండుతున్రు" అన్నది.

మా ఆయన ఆపారు. బోర్డు లేదు. ఇప్పచెట్టు కింద రెండు బెంచీలు, వాటి పక్కన పచ్చి బొంగుల కట్ట, మూరెడు లోతు గాడిలో నిప్పులు. ఆ రోజు అక్కడ తిన్న బొంగు చికెన్ గురించి, అలాంటి చోటును ఎట్లా పట్టుకోవాలో ఆ దారిలో నేను నేర్చుకున్న దాని గురించి ఈ పూట మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

అంతకు రెండేళ్ల ముందు ఇదే దారిలో మేము మోసపోయాం. రోడ్డు పక్క పెద్ద ఫ్లెక్సీ, దాని మీద పొగలు చిమ్ముతున్న బొంగు బొమ్మ. దిగి చెప్పిన పది నిమిషాలకే అందరికీ వచ్చేసింది. పిల్లలు సంబరపడ్డారు. ఆ తొందరే అనుమానించాల్సిన సంగతని అప్పుడు నాకు తెలియలేదు. బొంగు బయట బొగ్గులా నల్లగా ఉంది, చేత్తో పట్టుకుంటే మాత్రం గోరువెచ్చన. వంచితే నూనె తేలే మసాలా కూర జారింది. గిన్నెలో ఎప్పుడో వండింది పాత బొంగులో నింపి, కాసేపు మంట చూపించి తెచ్చారు. ఆ రాత్రి అత్తమ్మకు కడుపు చెడి తెల్లవార్లూ నిద్ర లేదు. డబ్బు పోయిందని కాదు, పెద్దమనిషిని అట్లా బాధపెట్టుకున్నామే అని నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇప్పచెట్టు కింద బొంగు వండే తమ్ముడు చెప్పిన మొదటి మాటే వేరు. "గంట పైననే పడ్తదక్కా, నాటుకోడి కదా. ఉంటరా మరి?" ఉంటామన్నాను. అప్పుడు కత్తి తీసుకున్నాడు.

ఆ పని దగ్గర కూర్చుని చూశాను కనుక చెప్తున్నాను. ముందు బొంగును గోటితో గీకి చూపించాడు. గీరిన చోట తడి మెరిసింది. "లేతది గావాలె. ఎండిందైతే మంటకు పగుల్తది, లోపల మాడ్తది" అన్నాడు. కింది వైపు గణుపు ఉంచి పైది కోసేస్తే అదే గిన్నె, అదే మూత లేని కుండ. నిమ్మకాయంత ముక్కలు, ఎముకతోనే. ఉప్పు, పసుపు, కారం, అల్లం ఎల్లిపాయ ముద్ద, ధనియాల పొడి, ఒక నిమ్మకాయ పిండి కలిపాడు. నూనె చుక్క వేయలేదు. నింపేటప్పుడు కూరి కూరి పెట్టలేదు. పైన నాలుగు వేళ్ల వెలితి ఉంచి మోదుగాకులు ఉండచుట్టి బిరడాలా దిగ్గొట్టాడు. గాడికి అడ్డంగా పెట్టిన ఇనుప కడ్డీకి బొంగును ఏటవాలుగా ఆనించి, ఐదారు నిమిషాలకోసారి పావు చుట్టు తిప్పుతూ కూర్చున్నాడు. పచ్చరంగు పసుపైంది, పసుపు గోధుమైంది, చివరికి నలుపైంది. నలభై నిమిషాల తర్వాత ఆకుబిరడా అంచున బుడగలు మొదలయ్యాయి. అప్పటిదాకా పచ్చి వెదురు వాసన. అక్కడినుంచి మాంసం వాసన.

నూనె లేకుండా అది ఎట్లా ఉడుకుతుందని మా చిన్నది అడిగింది. పచ్చి బొంగు గోడలో నీరుంటుంది. ఆ నీరు, కోడిలోని నీరు ఆవిరై లోపలే తిరుగుతాయి కనుక లోపలి వేడి 100 డిగ్రీల దగ్గర నిలబడుతుంది. మాంసం ఎర్రగా కాలి పైన పొర కట్టాలంటే ఉపరితలం 140 డిగ్రీలు దాటాలి. బొంగులో ఆ వేడి రాదు. అందుకే అది మాడదు, ఎర్రబడదు, మెత్తగా ఉడుకుతుంది. తోలు కింది కొవ్వు కరిగి రసమవుతుంది. చూడడానికి మంట మీద కాల్చినట్టుంటుంది కానీ, నిజానికి అది ఆవిరి వంట. ఆ చుట్టుపక్కల గూడేల్లో కోయవాళ్లకు అడవిలోకి గిన్నెలు మోసుకెళ్లే పనిలేకుండా చేసిన వంట అది.

విస్తట్లోకి వంచినప్పుడు ముక్కలతో పాటు బొంగు లోపలి తెల్లటి పల్చని పొర కూడా ఊడి వచ్చింది. కొత్త బొంగుకు అదే గుర్తు. ఒకసారి వాడిన బొంగులో ఆ పొర ఉండదు, లోపలి గోడ మట్టిరంగుకు తిరిగి ఉంటుంది. మీరెక్కడ తిన్నా సరే, ఖాళీ బొంగును చీల్చి చూపించమని అడగండి. నిజంగా వండినవాళ్లు సంతోషంగా చీల్చి చూపిస్తారు.

గంటంబావు పట్టింది. ఆ గంటంబావూ పిల్లలు విసుక్కోలేదు. తమ్ముడు అదే నిప్పుల అంచున మక్క కంకులు, కందగడ్డలు పెట్టి ఇచ్చాడు. మా ఆడబిడ్డ నీసు ముట్టదు, ఆమెకు ఆ పూట అవే భోజనం. నిప్పులో పొట్టుతోనే కాలిన కందగడ్డను విరిస్తే తేనెలా కారింది. మాంసం తినని వాళ్లు ఒకరిద్దరు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్లకేం దొరుకుతుందో ముందే అడగకుండా బండి ఆపడం మంచి పద్ధతి కాదు. శనివారం నీసు తినని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి కనుక అందరూ కలిసి పోయే పని ఆదివారం పెట్టుకుంటేనే నయం.

ఇక వెతకడం సంగతి. కొత్త ఊళ్లో దిగి "ఇక్కడ ఏది బాగుంటుంది?" అని అడిగితే ఎవరైనా దగ్గరున్న పెద్ద హోటల్ చూపిస్తారు. అది మర్యాద సమాధానం. నేను ఇప్పుడు పంక్చర్ షాపు దగ్గరో కిరాణం దగ్గరో ఆగి, "అన్నా, మీ ఇంటికి సుట్టాలొస్తే ఎక్కడికెల్లి తెస్తరు?" అని అడుగుతున్నాను. అప్పుడు మనిషి ఒక్క నిమిషం ఆలోచిస్తాడు. ఆలోచించి చెప్పిన చోటు ఇప్పటిదాకా నన్ను నిరాశపరచలేదు. ఫోనులో నక్షత్రాలు, ఫొటోలు చూడొద్దని నేననను, కానీ ఫొటోలోని బొంగు ఎప్పుడు వండిందో ఫొటో చెప్పదు. కట్టెల కుప్ప చూడండి, బూడిద చూడండి. పచ్చి బొంగులు లేకుండా నల్ల బొంగులు మాత్రమే వరుసగా నిలబెట్టి ఉన్నాయంటే ముందుకు పోవడమే.

పొగ వాసన పట్టడం అత్తమ్మ దగ్గర నేర్చుకుంటున్నాను. చింతమొద్దు, తుమ్మమొద్దు నిప్పు నిదానంగా, చాలాసేపు ఉంటుందని ఆమె మాట. వేపకట్టె వంటకు చేదు పట్టిస్తుందంటుంది. రంగు పూసిన పాత తలుపుచెక్కలు, ప్లైవుడ్ ముక్కలు కాలుస్తున్న చోట కళ్లు మండుతాయి, అక్కడ మాత్రం ఎవరూ తినకూడదు. ఆ రంగుల పొగ మాంసానికి పడుతుంది.

అడవి దాకా పోలేని వాళ్లకు వరంగల్‌లోనే ఇంకో రకం నిప్పు ఉంది. సాయంత్రం దాటాక మండీ బజార్ వైపు నడిస్తే బొగ్గుల మీద సీకులు, అంటే ఇనుప చువ్వలకు గుచ్చిన మాంసం ముక్కలు, కాలుతుంటాయి. ఇది బొంగుకు పూర్తిగా ఎదురు పద్ధతి. ఆవిరి లేదు, గోడ లేదు, నేరుగా సెగ. కొవ్వు చుక్క నిప్పు మీద పడి చుయ్యిమంటుంది, ఆ పొగే మళ్లీ లేచి ముక్కకు పడుతుంది. సీకుకు రుచంతా ఆ చుక్కలోనిదే. అందుకే బొత్తిగా కొవ్వు లేని ముక్క ఎండిపోయి పీచవుతుంది. ముదురు మాంసానికి పచ్చి బొప్పాయి రాస్తారు. అందులోని పపైన్ అనే పదార్థం మాంసపు పోగులను విడదీస్తుంది. ఎక్కువసేపు ఉంచితే ముక్క పిండిలా అయిపోతుంది, కొరికితే తెలిసిపోతుంది.

రంగు గురించి నాకు పట్టుదల ఉంది. మన వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లావుగా, పొట్టిగా, టమాటలా ఉంటుందని టమాట మిర్చి అని కూడా అంటారు. ఎర్రదనం ఎక్కువ, కారం తక్కువ. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి రాసులు వచ్చే ఊళ్లో ఉండి, కోడి ముక్కకు డబ్బాలోని ఎర్రరంగు పూయడం నాకు మింగుడుపడదు. తిన్నాక సబ్బుతో కడుక్కున్నా వేళ్లు ఎర్రగానే ఉంటే అది మిర్చి రంగు కాదు. బండి దగ్గర ముందే అడగండి, "రంగు లేకుండా చేస్తరా?" అని. నలుగురు అడిగితే మానేస్తారు.

పిల్లలకు ఇచ్చే ముందు ఒక పని చేయండి. అన్నింటికన్నా లావు ముక్కను ఎముక దాకా చీల్చండి. కోడి మాంసం లోపల 74 డిగ్రీల వేడి తగిలితేనే భయం లేదు. మన దగ్గర కొలిచే పరికరం ఉండదు కనుక, ఎముక దగ్గర మాంసం ఇంకా గులాబీ రంగులో ఉన్నా, కారే రసం తేటగా లేకున్నా మొహమాటం లేకుండా మళ్లీ నిప్పు మీదికి పంపండి. పైన మాడి లోపల పచ్చిగా ఉండడం సీకుల్లో మామూలే.

మా అక్క కొడుకు టెక్సస్‌లో ఉంటాడు. అక్కడ బార్బెక్యూ అంటే ఓక్ కట్టెల పొగలో రాత్రంతా, పన్నెండు గంటల దాకా పెద్ద మాంసపు దిమ్మను మగ్గబెట్టడం. పొద్దున్నే వరుసలో నిలబడతారట. వండింది అయిపోతే కొట్టు మూసేస్తారు, ఇంకో వాయి ఉండదు. అదే అమెరికాలో తూర్పున కరొలైనా రాష్ట్రాలకు పోతే పంది మాంసం, పుల్లటి వెనిగర్ రసం. ఊరికో తీరు, ఊరికో పంతం. బార్బెక్యూ అనే మాటకు మూలం కరీబియన్ దీవుల టైనో ప్రజలు కట్టెలతో కట్టుకున్న మంచె అని చెప్తారు. మంచె అనగానే నాకు మా మక్కచేలో కావలి మంచె గుర్తొచ్చింది. మావాడు ఫోనులో ఆ పొగ కొట్టాలను చూపిస్తుంటే అత్తమ్మ, "గంత సేపా? అయితే మంచిగనే వండుతున్రు" అని ఒక్క మాటతో తేల్చింది.

లక్నవరం వైపు పోతే చేపలు దొరుకుతాయి. అవి పెనం మీద నూనెలో వేయించినవి, ఈ లెక్కలోకి రావు, అయినా తినండి. కొర్రమీను మన రాష్ట్ర చేప, అది దొరికిన రోజు వదులుకోవద్దు.

మేడారం జాతర రోజుల్లో మాత్రం ఈ వెతుకులాట పెట్టుకోకండి. రెండేళ్లకోసారి మాఘమాసంలో ఆ దారంతా జనసంద్రం. అప్పుడు మొక్కు తీర్చుకున్న కోడినీ యాటనూ ఎవరికి వాళ్లు చెట్ల కింద మూడు రాళ్లు పెట్టి వండుకుంటారు. ఆ కూర ముందు ఏ హోటలూ నిలవదు. సుట్టాలెవరైనా జాతరకు పోతుంటే వాళ్ల వెంట పొండి.

బొగ్గుల పెట్టె కొనుక్కుని అడవిలో మనమే కాల్చుకుందామనే కుటుంబాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. చేతులు జోడించి చెప్తున్నాను, ఏటూరునాగారం అభయారణ్యంలో ఆ పని చేయకండి. అభయారణ్యానికి ముప్పు వచ్చేలా నిప్పు రాజేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చట్టం మాట అటుంచినా, ఎండాకాలం ఆ అడవిలో మోకాలెత్తు ఎండుటాకులుంటాయి. ఆర్పామనుకుని వదిలేసిన ఒక్క బొగ్గు చాలు.

ఈ ఆదివారం పోదామనుకునే వాళ్లు పొద్దున ఏడింటికల్లా బయలుదేరండి. 1213 నాటి రామప్ప గుడి ముందు చూడండి, ఎండ ఎక్కకముందు ఆ నల్లరాతి నాట్యగత్తెల నునుపు బాగా కనిపిస్తుంది. నాటుకోడి, లేత బొంగు తయారుగా పెట్టమని వండేవాళ్లకు శనివారమే ఫోను చేసి చెప్పండి, కానీ నింపడం మాత్రం మీరు వచ్చాకే మొదలుపెట్టమనండి. పదకొండింటికి మీరు అక్కడ ఉంటే పన్నెండున్నరకు ఆకులో పడుతుంది. మధ్యలో పిల్లలకు మక్క కంకి ఒకటి ఇప్పించండి, పెద్దవాళ్లకు చెట్టు నీడన కుర్చీ వేయించండి, బొంగు తిప్పే మనిషి పక్కన మీరు కూర్చోండి.

నమస్కారం.