₹500 గేమ్‌లో చేసినవాళ్లకి చేరేదెంత? పైరసీ, కొనుగోలు, దొంగ కీలు

[తెర మీద: ₹500 ధర ఉన్న ఒక చిన్న గేమ్ స్టోర్ పేజీ]

నమస్తే. ఈ గేమ్ ధర ₹500. క్రాక్ (డబ్బు కట్టకుండా ఆడేలా తాళం తీసేసిన దొంగ కాపీ) దించుకోవాలా, కొనాలా అని ఆలోచిస్తున్నవాళ్లు ముందు ఈ ₹500 ఎటు పోతుందో చూడండి.

[తెర మీద: లెక్క ఒక్కో వరుసగా వస్తుంది]

ధరలోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది. అది తీసేస్తే ₹424. అందులో స్టీమ్ (పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) వాటా 30 శాతం, అంటే ₹127. మిగిలింది ₹297. మధ్యలో పబ్లిషర్ ఉంటే వాళ్ల భాగం కూడా ఇందులోంచే. అమ్మకాలు కోటి డాలర్లు దాటాక స్టీమ్ వాటా 25 శాతానికి, 5 కోట్లు దాటాక 20కి తగ్గుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన గేమ్ సాధారణంగా అంత దూరం వెళ్లదు, పూర్తి 30 శాతం కట్టేది వాళ్లే. ఎపిక్ స్టోర్ ఒక్కో గేమ్‌కి ఏటా మొదటి 10 లక్షల డాలర్ల దాకా ఏమీ తీసుకోదు, ఆ పైన 12 శాతమే తీసుకుంటుంది. ఇచ్ డాట్ ఐవోలో స్టోర్‌కి ఎంత ఇవ్వాలో గేమ్ చేసినవాళ్లే నిర్ణయించుకుంటారు. ఒకే గేమ్ రెండు మూడు చోట్ల దొరికితే ఈ తేడా చూసి కొనండి.

"నేను ఎలాగూ కొనను కదా, దించుకుంటే వాళ్లకి నష్టమేంటి?" అందరూ అడిగే మాటే. ఇందులో కొంత నిజం ఉంది. దించుకున్న ప్రతి కాపీనీ పోయిన అమ్మకంగా లెక్కేయడం తప్పు. కానీ 2013లో గేమ్ డెవ్ టైకూన్ విషయంలో ఏమైందో చూడండి.

[తెర మీద: 214 / 3,104]

గ్రీన్‌హార్ట్ గేమ్స్ అనే చిన్న స్టూడియో. గేమ్ ధర 8 డాలర్లు. విడుదల రోజునే క్రాక్ వెర్షన్‌ని వాళ్లే టొరెంట్లలో పెట్టారు. ఒక చిన్న మార్పు చేసి. అందులో ఆటగాడు నడిపే గేమ్ కంపెనీ పైరసీ దెబ్బకి దివాలా తీస్తుంది. మొదటి రోజు ముగిసేసరికి కొన్న కాపీ ఆడినవాళ్లు 214 మంది, క్రాక్ ఆడినవాళ్లు కనీసం 3,104 మంది. "నా కంపెనీ గేమ్‌లు అందరూ పైరసీ చేస్తున్నారు, ఎలా ఆపాలి?" అని సాయం అడిగినవాళ్లలో క్రాక్ ఆడుతున్నవాళ్లే ఉన్నారు. 3,104 మందిలో పదోవంతు కొన్నా ఇంకో 310 కాపీలు అమ్ముడయ్యేవి. ఆ రోజు అమ్మకం రెండింతలు దాటేది. చిన్న స్టూడియోకి తర్వాతి గేమ్ మొదలుపెట్టగలమా లేదా అన్నది ఇలాంటి తేడా మీదే ఆధారపడుతుంది.

పైరసీ కన్నా ఎక్కువ హాని చేసేది ఇంకొకటి ఉంది. కొందరు అదే నిజాయితీ అనుకుంటారు కూడా: రీసెల్లింగ్ సైట్లలో దొరికే చవక కీలు, అంటే గేమ్‌ని మన ఖాతాలో తెరిచే కోడ్‌లు.

[తెర మీద: బొమ్మ – దొంగ కార్డు, కీ, అమ్మకం, డబ్బు వెనక్కి]

దొంగిలించిన క్రెడిట్ కార్డుతో ఒకడు గేమ్ చేసినవాళ్ల దగ్గరే కీలు కొంటాడు. వాటిని రీసెల్లింగ్ సైట్‌లో సగం ధరకి పెడతాడు. అసలు కార్డు ఓనర్ ఫిర్యాదు చేయగానే బ్యాంకు ఆ డబ్బు వెనక్కి లాక్కుంటుంది. దాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు, దాని ఫీజు కూడా గేమ్ చేసినవాళ్ల నెత్తినే పడుతుంది. క్రాక్ ఆడితే వాళ్లకి రావాల్సింది రాదు. ఇక్కడ చేతిలోంచి ఎదురు కట్టాలి. ఫ్యాక్టోరియో అనే గేమ్ చేసిన వూబ్ స్టూడియో దీని మీదే పోరాడింది. తమ సైట్‌లో 198 దొంగ కీలు అమ్ముడయ్యాయని జీటూఏ అనే రీసెల్లింగ్ సైట్ ఒప్పుకుని, 2020లో 39,600 డాలర్లు కట్టింది. కీ కొనాలంటే గేమ్ చేసినవాళ్ల సొంత సైట్‌లో ఏ స్టోర్ల లింకులు ఉన్నాయో చూసి అక్కడే కొనండి.

ఇక క్రాక్ ఫైల్ సంగతి. "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి" అని రాసి ఉంటుంది. క్రాక్ గేమ్ ప్రోగ్రామ్‌నే మారుస్తుంది కాబట్టి అమాయకమైన ఫైల్‌ని కూడా యాంటీవైరస్ పట్టుకుంటుంది, అది నిజమే. దొంగలకి అనువైనదీ అదే. పేరున్న రీప్యాక్ సైట్లకి (క్రాక్ గేమ్‌ల సైజు తగ్గించి పంచేవి) నకిలీలు పెట్టి, ఫైల్‌లో సమాచారం దొంగిలించే ప్రోగ్రామ్ కలుపుతారు. అది బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు ఎత్తుకుపోతుంది. కుకీ పోతే ఓటీపీ అడగకుండానే ఖాతా తెరుచుకోవచ్చు.

చట్టం సంగతి: కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 63బి. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు, ₹50,000 నుంచి ₹2 లక్షల జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం వాడకపోతే కోర్టు కారణాలు రాసి జైలు తీసేయొచ్చు, ₹50,000 దాకా జరిమానాతో సరిపెట్టొచ్చు.

కొన్నవాళ్లకి న్యాయం జరుగుతోందా అంటే, అన్నిసార్లూ లేదు. ది క్రూ అనే రేసింగ్ గేమ్ సర్వర్లని యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా ఆ గేమ్ ఆడలేకపోయారు. అమెరికాలో 2010కి ముందు వచ్చిన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. డబ్బిచ్చి కొందామన్నా అమ్మేవాళ్లు లేని గేమ్‌నీ, నిన్న విడుదలైన ₹500 గేమ్‌నీ ఒకే గాటన కట్టడం మాకు సరైంది అనిపించదు. చట్టం మాత్రం రెంటినీ ఒకేలా చూస్తుంది.

[తెర మీద: స్టీమ్ హెల్ప్ పేజీ]

డబ్బు తక్కువున్నప్పుడు ముందు డెమో ఉందేమో చూడండి. లేకపోతే స్టీమ్‌లో రీఫండ్ ఉంది: కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కన్నా తక్కువ ఆడి ఉండాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. లాంచర్ తెరిచి వదిలేసినా, మెనూలో ఆగి భోజనానికి వెళ్లినా ఆ సమయం లెక్కలోకి వస్తుంది. కాబట్టి కొన్న రోజే గంటసేపు కూర్చుని మీ పీసీలో సాఫీగా నడుస్తుందో లేదో చూసుకోండి. తొందర లేకపోతే విష్‌లిస్ట్‌లో పెట్టి జూన్, డిసెంబర్ చివర్లో వచ్చే సేల్స్ దాకా ఆగండి.

ఇంట్లో అన్నదమ్ములుంటే స్టీమ్ ఫ్యామిలీస్‌లో 6 మంది దాకా లైబ్రరీ పంచుకోవచ్చు. ఒకే కాపీని ఇద్దరు ఒకేసారి ఆడలేరు. తమ్ముడు మీ కాపీలో చీట్ వాడి బ్యాన్ అయితే ఆ గేమ్‌లో మీకూ బ్యాన్ పడుతుంది, ముందే చెప్పి ఉంచండి.

కొన్నది చేతిలోనే ఉండాలంటే జీవోజీ అనే స్టోర్ చూడండి. అక్కడి ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి దించి, నెట్ తీసేసి, ఇంకో పీసీలో ఒకసారి ఇన్‌స్టాల్ చేసి చూడండి. కొని పెట్టుకున్న ప్రోగ్రామ్‌కి బ్యాకప్ కాపీ తీసుకోవడానికి మన చట్టంలోనే సెక్షన్ 52 వీలిస్తోంది.