పేరాలు లెక్కపెట్టుకునే పిల్లాడు

[తెర మీద: నాలుగో తరగతి తెలుగు వాచకం. ఒక పేరా కింద పిల్లాడి వేలు.]

"ఒక్కొక్కరు ఒక్కో పేరా చదవండి" అని టీచర్ అనగానే ఈ పిల్లాడు ఏం చేస్తున్నాడో చూడండి. తన ముందు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాడు. ఆరుగురు. అంటే తనది ఏడో పేరా. ఇక మొదటి ఆరు పేరాల్లో రాజు బతికాడో చచ్చాడో వాడికి అక్కర్లేదు. ఏడో పేరాలో ఒత్తులున్న పదాలు వెతుక్కుంటూ, పెదాలు కదుపుతూ కూర్చున్నాడు. తీరా మధ్యలో ఒకడు నీళ్లు తాగడానికి బయటికెళ్లాడు. మనవాడికి ఆరో పేరా వచ్చి పడింది.

ఆ పిల్లాణ్ణి నేనే. మలక్‌పేటలో చిన్న బడి. "వీడికి పుస్తకమంటే పడదు" అని ఇంట్లో, బడిలో తేల్చేశారు. కానీ అమ్మమ్మ చెప్పే కథలంటే చెవి కోసుకునేవాణ్ణి. నా టెన్షనంతా నలుగురి ముందు తడబడటం గురించే.

[తెర మీద: మూల మడిచిన పేజీ.]

ఆ ఏడాది మధ్యలో కొత్త టీచర్ వచ్చారు. ఒక సాయంత్రం బడి వదిలాక నన్ను ఆపి, వాచకంలో ఒక పేజీ మూల మడిచారు. "రేపు నువ్వు చదివేది ఇదే నాన్నా. ఇంట్లో నాలుగైదుసార్లు పైకి చదువుకుని రా" అన్నారు.

ప్రశ్నపత్రం ముందే ఇచ్చినట్టు కదా అనిపించొచ్చు. 'రాష్ట్రం' అనే పదం తీసుకోండి. రకి దీర్ఘం, ష, దాని కింద ట ఒత్తు, మళ్లీ ర ఒత్తు, చివర సున్నా. ఇవన్నీ కూడబలుక్కునేసరికి వాక్యం మొదట్లో ఏముందో పిల్లాడు మర్చిపోతాడు. బుర్ర మొత్తం అక్షరాలకే ఖర్చయిపోతే అర్థానికి ఏం మిగులుతుంది? అదే పేరా మళ్లీ మళ్లీ చదివితే పదం చూడగానే నోటికొస్తుంది. 1979లో జే శామ్యూల్స్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ పద్ధతి గురించే రాశారు. చిన్న భాగాన్ని తడబాటు పోయేదాకా చదివిస్తే, తర్వాత ఇచ్చిన కొత్త భాగాన్ని కూడా పిల్లలు మొదటిసారే ఇంకాస్త వేగంగా చదివారు. మా టీచర్ అది చదివారో లేదో నాకు తెలీదు. చదివి ఉండరనే అనుకుంటా.

మర్నాడు లేచి చదివాను. 'వాత్సల్యం' దగ్గర బండి ఆగింది. వెనక బెంచీ నుంచి ఎవరో అందించబోయారు. టీచర్ చెయ్యెత్తి వాణ్ణి ఆపి, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. నా ముఖంలోకి చూడలేదు. అంతకంటే పెద్ద సాయం నాకు ఎవరూ చేయలేదు.

మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల్ని రికార్డు చేసి విన్నారు. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సుమారు 1 సెకను. దాన్ని 3 సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లూ మాట్లాడారు. ఆవిడ చూసింది ప్రశ్నల సంగతి, పైకి చదివేటప్పటిది కాదు. కానీ నిలబడ్డ పిల్లాడి గుండె దడ రెండుచోట్లా ఒకటే.

[తెర మీద: 'వచ్చాడు', పక్కనే 'వచ్చిండు'.]

ఇది మన హైదరాబాద్ సంగతి. ఇంట్లో తెలంగాణ తెలుగు, గల్లీలో ఉర్దూ, పుస్తకంలో ఇంకో తెలుగు. 'వచ్చాడు' అని అచ్చేసి ఉంటే నేను 'వచ్చిండు' అని చదివాను. పాత టీచర్ అయితే చెవి పట్టుకునేవారు. కొంచెం ఆలోచించండి. అక్షరాలు కూడబలుక్కునేవాడి నోట ఆ మాట రాదు. వాక్యం అర్థమై, దాన్ని తన ఇంటి భాషలో చెప్పుకున్నాడు కాబట్టే వచ్చింది. టీచర్ నవ్వి, "ఆఁ, వచ్చిండు. మరి పుస్తకంల ఎట్ల రాసిన్రో చూడు" అన్నారు. క్లాసు నవ్వింది, నేనూ నవ్వాను.

అలాగని ప్రతి మాటకీ 'వెరీ గుడ్' అని స్టిక్కర్ అంటిస్తే పనైపోదు. గుణింతాలు రానివాడికి కూర్చోబెట్టి నేర్పాల్సిందే. అక్షరాలు మసకగా కనిపించేవాడికి కావాల్సింది కళ్లద్దాలు. అదీ ఆలస్యం చేయకుండా. చదవడం రానివాడు చదవడు, చదవనివాడికి కొత్త మాటలు రావు, మాటలు రాకపోతే పై తరగతి పుస్తకం ఇంకా బరువవుతుంది. ఇలా ఏటేటా దూరం పెరిగిపోవడం గురించి కీత్ స్టానోవిచ్ అనే పరిశోధకుడు 1986లోనే హెచ్చరించారు.

[తెర మీద: ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్, పాత పుస్తకాల గుట్టలు.]

ఆ వేసవిలో నాన్న నన్ను అబిడ్స్ తీసుకెళ్లారు. మూసేసిన షాపుల ముందు పరిచిన పుస్తకాల్లో అట్ట చిరిగిన పిల్లల పత్రిక ఒకటి దొరికింది. నిలబడే మొదలుపెట్టాను, పెదాలు కదుపుతూనే. మూడో పేజీ తిప్పుతుంటే అమ్మేవాడు అడిగాడు: "ఏం బాబూ, కొంటవా, ఇక్కడనే అయిపోగొడ్తవా?"