సంతకానికి ముందే చూపించండి

అందరికీ నమస్కారం.

2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో ప్రధాని మోదీ ఒక ప్రకటన చేశారు. ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్యం, అంటే మన పేపర్లు ఆర్‌సెప్ అని రాసే, చైనా, న్యూజిలాండ్ లాంటి దేశాలు ఒకరి సరుకుపై ఒకరు సుంకాలు తగ్గించుకునే వాణిజ్య కూటమిలో భారత్ చేరడం లేదని చెప్పారు. గాంధీజీ మాట గానీ, తన అంతరాత్మ గానీ అందుకు ఒప్పుకోవడం లేదన్నారు. ఏడేళ్ల బేరం ఆ రోజుతో తెగిపోయింది. మిగిలిన 15 దేశాలు మరుసటి ఏడాది సంతకాలు చేసుకున్నాయి.

ఆ నిర్ణయం సరైనదేనని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. ఎందుకో తెలియాలంటే మీ ఊరి పాలకేంద్రం దగ్గర పొద్దున్నే కాసేపు నిలబడండి. ఒకావిడ రెండు గేదెల పాలు క్యాన్‌లో పోసుకుని వస్తుంది. శాంపిల్ తీసి, వెన్న శాతం చూసి, చీటీ రాసిస్తారు. పదిహేను రోజులకోసారి చేతికొచ్చే ఆ పాల బిల్లుతోనే దాణా బాకీ తీరాలి, పిల్లల ఫీజు కట్టాలి. న్యూజిలాండ్‌లో అలా కాదు, అక్కడి పాలల్లో చాలా భాగం ఎగుమతికే. మనం 60 శాతం దాకా సుంకం వేస్తున్నాం కాబట్టే ఆ పాలపొడి ఇక్కడికి రాలేకపోతోంది. సుంకం పోతే డెయిరీలు చవక పొడిని కలిపి పాలు తయారు చేసుకుంటాయి, ఆవిడ పాలకిచ్చే లీటరు రేటు తగ్గిస్తాయి. అందుకే అమూల్, వామపక్షాలు, ఆర్ఎస్ఎస్ అనుబంధ సంస్థ స్వదేశీ జాగరణ్ మంచ్, కాంగ్రెస్, ఎప్పుడూ ఒక్క మాట మీదికి రానివాళ్లంతా ఆనాడు ఒకే వైపు నిలబడ్డారు.

చేరకపోతే చైనా సరుకు రాక తగ్గుతుందనుకున్నాం, ఆ విషయంలో మాత్రం మనం అనుకున్నట్టు జరగలేదు. చైనాతో 2018-19లో దాదాపు 53 బిలియన్ డాలర్లున్న వాణిజ్య లోటు 2024-25లో 99 బిలియన్లకు చేరింది. ఆర్‌సెప్ బయట ఉంటే పెద్ద కంపెనీలు ఇటు రావడానికి వెనకాడతాయని ఆర్థికవేత్త అరవింద్ పనగడియా లాంటివాళ్లు చెప్పిన మాటను కొట్టిపారేయలేం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది. 2017 జులైలో ఆర్‌సెప్ 19వ విడత చర్చలు మన హైదరాబాద్‌లోనే జరిగాయి. లోపల 16 దేశాల అధికారులు. బయట రైతు సంఘాలు, మందుల ధరలు పెరుగుతాయని భయపడ్డ కార్యకర్తలు. ముసాయిదాను మాత్రం జనం ముందు పెట్టలేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు తీసి చూడండి. కేంద్ర జాబితాలో 14వ అంశం విదేశీ ఒప్పందాలు. రాష్ట్ర జాబితాలో 14వ అంశం వ్యవసాయం. రైతు దెబ్బతింటే జనం నిలదీసేది రాష్ట్రాన్ని, సంతకం పెట్టేది కేంద్రం. పార్లమెంటులో ఓటింగ్ కూడా అక్కర్లేదు. 2009లో ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం మీద అప్పటి కేరళ ముఖ్యమంత్రి అచ్యుతానందన్ ఎంత మొత్తుకున్నా అది ఆగలేదు. అదే యూరప్‌లో అయితే ఇలాంటి ఒప్పందానికి యూరోపియన్ పార్లమెంటు ఒప్పుకోవాలి.

ఆర్‌సెప్‌లోకి భారత్ ఎప్పుడైనా రావచ్చని ఆ దేశాలు 2020లోనే చెప్పాయి. కాబట్టి ఈ వాదన మళ్లీ వస్తుంది. 2022లో ఆస్ట్రేలియాతో కుదిరిన ఒప్పందంలో పాల ఉత్పత్తులను మినహాయించుకోగలిగాం. గట్టిగా పట్టుబడితే సాధ్యమే! ఈసారి సంతకానికి ముందే ముసాయిదాను తెలుగులో పెట్టమని, పార్లమెంటు స్థాయీ సంఘం ముందుకు పాడి రైతులను పిలిచి వినమని, శాసనసభల్లో చర్చించమని మన ఎంపీలను, ఎమ్మెల్యేలను అడుగుదాం. వినతిపత్రం ప్రతులు గుమ్మం పక్కన బల్ల మీద ఉన్నాయి. పూర్తిగా చదివి, ఒప్పుకుంటేనే సంతకం చేయండి.