కొసరు కరివేపాకు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. నాకున్నవి పది నిమిషాలు, చీటీలో పద్నాలుగు పేర్లు. అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

కామర్స్ విద్యార్థులు కదా, కూరగాయలతో మొదలుపెడతాను. రైతుబజారులో అరకిలో వంకాయలు కొంటే రెండు రెమ్మల కరివేపాకు కొసరు వేస్తారు. అది అమ్మేవాడి పెరటిదైతే పోయేదేమీ లేదు. పొరుగువాడికి డబ్బిచ్చి తెచ్చి మరీ కొసరు వేస్తే? 1989లో అమెరికాలో నింటెండో అనే జపాన్ వీడియో గేమ్ సంస్థ చేసింది అదే.

గేమ్ బాయ్ అనే చేతి ఆటపెట్టె అమ్మకానికి సిద్ధమైంది. కొసరు వేయడానికి సొంత మారియో ఆట చేతిలోనే ఉంది. హెంక్ రోజర్స్ అనే వ్యాపారి నింటెండో అమెరికా శాఖ అధిపతి మినోరు అరకావాను కలిసి, మగపిల్లలు కొంటే చాలనుకుంటే మారియోను పెట్టండి, అందరూ కొనాలంటే పైనుంచి పడే ముక్కలను పేర్చే ఆట టెట్రిస్ పెట్టండి అన్నాడు. అరకావా టెట్రిస్‌నే పెట్టారు. జపాన్‌లో మాత్రం విడిగానే అమ్మారు.

లెక్క వేయండి. కొసరు వేసిన ప్రతి టెట్రిస్‌కూ విడిగా అమ్ముకోగల క్యాట్రిడ్జ్, అంటే ఆట ఉండే బిళ్ల, ఒకటి పోయినట్టే, పైగా లైసెన్సు రుసుము. అయితే మారియో కోసం వచ్చేవాడు ఎలాగూ వస్తాడు, దాన్ని డబ్బిచ్చి కొంటాడు. రానివాణ్ని రప్పించేదే కొసరుకు పనికొస్తుంది. పెట్టె ఇంట్లో చేరాక క్యాట్రిడ్జులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. బయటి సంస్థల ఆటల మీదా నింటెండోకు వాటా ఉంటుంది. ఇది పరీక్షలో రాదు, అయినా రాసుకోండి.

తరువాత రంగుల తెరలు, బ్యాటరీల ఖర్చు గురించి రాసుకొచ్చాను. ఆ కాగితం జేబులోనే ఉంచుతున్నాను. కరివేపాకు చెట్టు ఎవరిదో ఎవరూ అడగరేం? నా బాధ అది!

టెట్రిస్ తయారుచేసినాయన అలెక్సీ పజిత్నోవ్. 1984లో మాస్కోలో సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో ఉద్యోగి. హక్కులు ప్రభుత్వానివి. గేమ్ బాయ్ టెట్రిస్‌లు సుమారు మూడున్నర కోట్లు అమ్ముడుపోయాయి. ఆయనకు రాయల్టీ మొదలైంది 1996లో. మళ్లీ చెబుతున్నాను, 1996లో.

వెనక వరుస అధ్యాపకులారా, తొంభైలలో నుమాయిష్‌లో బ్రిక్ గేమ్, అదే టెట్రిస్‌ను నకలు కొట్టిన చేతి ఆటపెట్టె, కొన్నవారు చేతులెత్తండి. చూశారా, ఎన్ని చేతులో! పైన 9999 ఆటలని అచ్చు. మా నాన్నగారు లుంగీ మోకాళ్లపైకి మడిచి ఓ రాత్రంతా కూర్చుని లెక్కపెట్టారు. పదిహేనో ఇరవయ్యో తేలాయి, మిగతావన్నీ వేగం మార్చిన అవే ఆటలు. మమ్మల్ని మోసం చేశారని దుకాణం మీదికి బయలుదేరితే అమ్మ ఆపింది.

అదిగో, ఆ బ్రిక్ గేమ్ సంచిలోనే ఉంది. ముందు వరుస బాబూ, ఇలా అందుకో. తిప్పి చూడు, నాలుగు వైపులా చూడు. ఆ రష్యా ఆయన పేరు ఎక్కడైనా కనిపిస్తుందా?