అణుబాంబు పడితే సెల్లార్ కాపాడుతుందా?

యాంకర్: నమస్కారం. 2025 మే 7న మాక్ డ్రిల్ సైరన్ మోగినప్పటి నుంచి జనంలో ఒకటే టెన్షన్. షెల్టర్లు కట్టాలా, వద్దా? అందరికీ సమాన సమయం ఇస్తాను. సూటిగా అడుగుతున్నా, మన అపార్ట్‌మెంట్ సెల్లార్ పనికొస్తుందా?

సివిల్ డిఫెన్స్ మాజీ అధికారి: షెల్టర్లు పనికొస్తాయండి. 1955 మే 5న అమెరికా నెవాడా ఎడారిలో ఇళ్లు కట్టి, సోఫాలు వేసి, బట్టలు తొడిగిన బొమ్మల్ని కూర్చోబెట్టి, 29 కిలోటన్నుల బాంబు పేల్చి చూసింది...

ఫిజిక్స్ లెక్చరర్: బొమ్మలకు క్యాన్సర్ వస్తుందా అండీ?

అధికారి: పూర్తి చెయ్యనివ్వండి. పేలిన గంటకు ఉన్న రేడియేషన్ ఏడు గంటలకు పదో వంతుకు, రెండు రోజులకు నూరో వంతుకు పడిపోతుంది. ఆ రెండు రోజులే ప్రాణం...

యాంకర్: అయితే సెల్లార్ చాలు?

అధికారి: కార్లు దిగే ర్యాంపు తెరిచే ఉంటుంది కదండీ, రేడియేషన్ ఉన్న బూడిద...

లెక్చరర్: బయటికొచ్చాక సంగతి చెప్పండి! పసిఫిక్ సముద్రంలో మార్షల్ దీవుల్లో ఎనెవెటాక్ అని ఒక దీవి ఉంది. అక్కడ అమెరికా చేసినవి 43 అణు పరీక్షలు. 1977 నుంచి 1980 దాకా అమెరికా సైనికులు రేడియేషన్ సోకిన మట్టి గీకి, సిమెంటు కలిపి, 1958లో బాంబు తవ్విన గోతిలోనే పోసి, పైన 358 కాంక్రీటు పలకలు కప్పారు. గోతి అడుగున ఏమీ వెయ్యలేదు. అడుగున ఏమీ లేదండీ! సముద్రపు నీళ్లు కింద నుంచి వస్తాయి, పోతాయి.

వైద్యురాలు: ఒక్క మాట, అయోడిన్ మాత్రలు థైరాయిడ్‌కే...

లెక్చరర్: ఆగండి మేడమ్. ఆ కుర్రాళ్లు చాలామంది నిక్కర్లతో, చొక్కా కూడా లేకుండా పనిచేశారు. వాళ్ల జబ్బుల్ని అమెరికా చట్టం ఒప్పుకున్నది 2022లో!

అధికారి: అదొక్కటే కాదు. అణు పరీక్షలు జరిగిన మరో మార్షల్ దీవి బికినీలో కొబ్బరిచెట్లకు పొటాష్ వేస్తే కాయల్లో సీజియం, అంటే బాంబు వదిలిన రేడియోధార్మిక పదార్థం, బాగా తగ్గింది. మన రైతు వేసే పొటాషే.

యాంకర్: పొటాషా! మన పొలాల్లో కూడా పనిచేస్తుందా?

లెక్చరర్: సీజియం తగ్గుతుంది, సరే. బాంబులోని ప్లుటోనియంకు ఏ ఎరువు వేస్తారు? సగం తగ్గడానికే 24 వేల ఏళ్లు! బికినీ వాళ్లను ఊరికి తిరిగి పంపి, 1978లో మళ్లీ ఖాళీ చేయించారు. అంటే ఊరు కడిగితే పోలేదు.

అధికారి: అందుకని మొదటి రెండు రోజులు జనాన్ని వీధిలో వదిలేస్తామా?

లెక్చరర్: నేనన్నది అది కాదు...

వైద్యురాలు: నాకు ఇంతవరకు...

యాంకర్: సార్ చెప్పినదాంట్లో బలముంది, అడుగున ఏమీ లేదన్నారు. మరి మన సెల్లార్‌కు అడుగున ఏం వెయ్యాలి? విరామం తర్వాత మళ్లీ సార్‌నే అడుగుదాం.